థర్మాకోల్ చెరువు

చదువును బడి బయటి జీవితంతో ముడిపెట్టాలన్నది 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలో మొట్టమొదటి సూత్రం. ఈ ఇరవై ఏళ్లలో హైదరాబాద్‌లోని మా హఫీజ్‌పేట్ బడులు ఆ ముడి ఎంత గట్టిగా వేశాయంటే, పిల్లల చదువంతా వీధి చివరి స్టేషనరీ షాపుకు అతుక్కుపోయింది.

‘మన ప్రాంతంలోని నీటి వనరు’. ప్రాజెక్టు పని, 5 మార్కులు. రాత్రి పదకొండింటికి ఆఫీసు కాల్ ముగించుకుని అమ్మ నేల మీద కూర్చుంటుంది. థర్మాకోల్ షీటు, నీలం చార్టు, దూది మబ్బులు, చుట్టూ చమ్కీ. ఫెవికాల్ ఆరకముందే ఓ ప్లాస్టిక్ బాతు పక్కకు ఒరుగుతుంది. దాన్ని నిలబెట్టేసరికి పన్నెండు. ‘పరిశీలించినవారు’ అన్న చోట పేరు మాత్రం నిద్రపోతున్న పిల్లాడిది.

కైదమ్మ కుంట ఇక్కడే ఉంది కదండీ, నడిపించి తీసుకెళ్లొచ్చుగా అంటే ట్రాఫిక్, దోమలు, తల్లిదండ్రుల సంతకాలు అంటారు. మాల్‌లో గేమ్ జోన్‌కు ‘ఫీల్డ్ ట్రిప్’ అయితే ఇవేవీ అడ్డురావు. (టీచర్లను అనుకుని లాభం లేదు, వాళ్లకు సిలబస్సే ఊపిరాడనివ్వదు.)

అసలు భయం దోమలది కాదు. 2012 నాటి జీవో 168 ప్రకారం పాతిక ఎకరాలు దాటిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్ వదలాలి. ఏడో తరగతి పిల్లలకు టేపు ఇచ్చి కొలవమంటే చుట్టుకొలత పాఠం పూర్తవుతుంది, ఆ వెంటనే ‘సార్, ఈ గోడ ఎవరిది?’ అన్న ప్రశ్న పుడుతుంది. గోడ కట్టినాయనే వార్షికోత్సవానికి ముఖ్య అతిథి అయితే? హఫీజ్‌పేట్ భూముల తగాదాలు తవ్వితే నిజాం నాటి పైగా జాగీర్దార్ల దాకా పోతాయి. అంత స్థానిక చరిత్ర ఏ కరస్పాండెంటుకు కావాలి?

పోనీ రైలు? 1853, బోరీబందర్ నుంచి ఠాణే అని పిల్లలు గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతారు. 1874లో నిజాం వేయించిన వాడి–సికింద్రాబాద్ లైను మన స్టేషన్ మీదుగానే పోతోంది. ఎంఎంటీఎస్ కూత పాఠానికి అడ్డమని కిటికీ మూస్తారు.

ఇంతమందిలో పరిసరాలు నిజంగా తెలిసినవాడు ప్రేమ్‌నగర్ నుంచి నడిచొచ్చే పిల్లాడు. వాళ్లమ్మ అపార్టుమెంట్లలో పనిచేస్తుంది. నల్లా ఏ రోజు వస్తుందో, ఏ మోరీ ఎక్కడ కలుస్తుందో వాడికి నోటికొచ్చు. చమ్కీ కొనే డబ్బుల్లేక కుంట గురించి ఉన్నదున్నట్టు రాస్తాడు: గుర్రపుడెక్క పెరిగింది, వాసనొస్తుంది, రాత్రిపూట లారీలు మట్టి పోసిపోతాయి. కింద ఎర్ర సిరాతో ‘నీట్‌గా లేదు’, 2 మార్కులు. అదే కాగితం సోమవారం, చెరువుల ఆక్రమణలు చూసే హైడ్రా ప్రజావాణిలో ఇచ్చుంటే ఫిర్యాదుగానైనా తీసుకునేవాళ్లు.