మేలుకునే ఉన్నాం బాబూ!

ఢిల్లీలో యమునకు తూర్పున మా కాలనీ. ఇంటింటా నెలకింతని పోగేసి రాత్రి కాపలాకి చౌకీదారుని పెట్టుకున్నాం. అర్ధరాత్రి దాటాక గంటన్నరకోసారి గుమ్మం ముందు లాఠీ టకటకలాడించి, ఈల ఊదుతాడు. 'నేను కాస్తున్నాను, మీరు నిశ్చింతగా నిద్రపోండి' అని దాని అర్థం. ఆ కబురు అందుకోవడానికి మాత్రం నేను లేవాలి.

నిద్ర కూడా గంటన్నర లెక్కనే నడుస్తుందట, ఖర్మ! మగత, తేలిక నిద్ర, గాఢ నిద్ర, కలల నిద్ర కలిపి సుమారు 90 నిమిషాల ఆవృత్తం. రాత్రికి అలాంటివి నాలుగైదు. గాఢ నిద్ర ఎక్కువగా తొలి సగంలో, కలలు తెల్లవారుజామున. అంచేత నా గాఢ నిద్రని చౌకీదారు, నా కలల్ని నాలుగున్నరకే నీళ్ల మోటారు వేసే పైవాటా వారు పంచుకున్నారు. కొన్ని సెకన్ల మెలకువ అందరికీ వచ్చేదే, పొద్దుటికి గుర్తుండదు కూడా. అదే పదేపదే వస్తే పడక మీద ఎనిమిది గంటలూ గడుస్తాయి, బడలిక మాత్రం తీరదు. దొంగ కనపడడు, సొమ్ము పోతుంది.

న్యాయం నా పక్షానే ఉంది. 2011 జూన్‌లో ఇదే ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో నిద్రపోతున్న జనాన్ని పోలీసులు అర్ధరాత్రి వెళ్లగొట్టిన కేసులో, 2012 ఫిబ్రవరి 23న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నిద్ర రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని జస్టిస్ బి.ఎస్. చౌహాన్ అందులో విడిగా రాశారు. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతంలో 45 డెసిబెళ్లు దాటకూడదు. ఈల ఎన్ని డెసిబెళ్లో కొలిచే ఓపిక పొద్దుటికి నాకు మిగలడం లేదు.

పైగా సాక్షి ఎదురు తిరిగింది. "మీరెక్కడ లేచారండీ? గుర్రు పెట్టి నిద్రపోతేనూ!" అంది మా ఆవిడ. లేచిన సంగతి నాకే గుర్తుండని మెలకువకి సాక్ష్యం ఎక్కణ్ణుంచి తేను?

చివరికి చౌకీదారునే నిలదీశాను. చేతులు కట్టుకుని వినయంగా చెప్పాడు: "ఈల వినపడకపోతే 'రాత్రి పడుకున్నావా?' అని పొద్దున్నే గదమాయిస్తారు బాబూజీ. కిందటి నెల అలా గదమాయించింది తమరే."

నిజమే. ఆ ఒక్క రాత్రీ నాకు ఒళ్లెరగని నిద్ర పట్టింది.