లఘులోలక పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. గుండు కొంచె మట్లు గుంజి వదలుమయ్య
వాచి మీట నొక్కి వరుస నెంచి
యిరువ దూఁగు లైన నిమ్ముగా మఱి నొక్కి
భాగహార మిడుము బాగుగాను

టీక: గుండు = దారానికి వేలాడే లోహపు గోళం. క్షురకర్మపరంగా అర్థం చెప్పినవారు లేకపోలేదు గాని, ఫిజిక్స్ ల్యాబులో అది పొసగదు. కొంచెము = పదిహేను డిగ్రీలు మించకుండా. అంతవరకు ఆవర్తన కాలం అర శాతమైనా పెరగదు. ముప్ఫై దాకా లాగితే 1.7 శాతం పెరుగుతుంది. వదలుము = నెట్టవద్దని భావం. నెడితే గుండు గుండ్రంగా తిరుగుతుంది. ఇమ్ముగా, మఱి = పాదపూరణకు.

వరుస నెంచి = కవి హృదయమంతా ఇక్కడే ఉంది. మీట నొక్కుతూ “సున్నా” అనాలి. “ఒకటి” అని మొదలెట్టినవాడు “ఇరవై” అనేసరికి గుండు ఊగింది పందొమ్మిది సార్లే. భాగించేది మాత్రం ఇరవైతో! గురుత్వ త్వరణం 980 రావలసినచోట 1086 వస్తుంది. భూమి బరువెక్కిందనుకోవాలి కాబోలు. మీట ఎక్కడ నొక్కాలి? గుండు మధ్యస్థానం దాటే క్షణాన, ప్రతిసారీ ఒకే దిక్కుగా పోతున్నప్పుడు. కొసన అది తచ్చాడుతుంది; ఎప్పుడు వెనుదిరిగిందో కంటికి దొరకదు.

శంక: ఒక్క ఊపు కొలిస్తే చాలదా?

సమాధానం: చాలదు. మీటరు పొడవు లోలకానికి ఊపుకు రెండు సెకన్లు. మీట దగ్గర చెయ్యి సుమారు 0.2 సెకను తడబడుతుంది, అంటే పదోవంతు పోయింది. ఇరవై ఊపుల నలభై సెకన్లలోనూ ఆ తడబాటు అంతే. అర శాతానికి దిగింది. సూత్రంలో కాలానికి వర్గం ఉంది కనుక ఫలితంలో అది ఒక శాతమవుతుంది.

తాత్పర్యం: స్పష్టము.

విశేషం: పొడవు ఊసే ఎత్తకపోవడం కవి లోపం. దారం పొడవుకు గుండు వ్యాసార్ధం కలపాలి. మరిచినవాడు పదిసార్లు కొలిచి సగటు కట్టినా లాభం లేదు. సగటు చేతి తడబాటును తగ్గిస్తుంది గాని మతిమరుపును తగ్గించదు. అయితే నాలుగైదు పొడవులు తీసుకొని, పొడవుకూ కాల వర్గానికీ గ్రాఫు గీస్తే ఈ దోషం తప్పించుకోవచ్చు. గీత మూలబిందువు గుండా పోదు, అంతే. దాని వాలు చెడదు, కనుక జవాబూ చెడదు.

కొన్ని రికార్డుల్లో ప్రతి పొడవుకూ ఖచ్చితంగా 980 వస్తుంది. ఆ అంకెలు ప్రక్షిప్తాలని మా అభిప్రాయం. అవి లోలకం చెప్పినవి కావు. ల్యాబు బయట మెట్ల మీద కూర్చుని, జవాబు నుంచి వెనక్కి లెక్కకట్టి చేర్చినవి.