గార్మెంట్స్ అక్క

2022లో తనకల్లు అనంతపురం జిల్లా నుంచి శ్రీసత్యసాయి జిల్లాకు మారింది గానీ, వాన తీరు మారలేదు. శెనక్కాయ ఎండిన ఏడు జనం బెంగళూరు బస్సెక్కుతారు. అట్లా పోయి బొమ్మనహళ్ళిలోనో పీణ్యలోనో బట్టల ఫ్యాక్టరీలో ఏండ్లు గడిపి, అత్తకు బాగలేదనో పిల్లల చదువుకనో తిరిగొచ్చిన ఆడమనిషి పేరు ఏదైనా కానీ, వీధికి మాత్రం గార్మెంట్స్ అక్కే.

ఈమెను గుర్తుపట్టడం సులువు. మాట్లాడేటప్పుడు మన మొహం చూడదు, కాలరు చూస్తుంది. కదిరి బస్సులో ముందు సీటు పెద్దాయన భుజం కుట్టు రెండు పోగులు పక్కకు పోయిందా, నల్లచెరువు దాటినా ఆమెకు మనశ్శాంతి ఉండదు. పెండ్లిలో అందరూ అక్షింతలు వేస్తాంటే, ఈమె పెండ్లికూతురి పట్టు జాకెట్టుకు అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెడుతుంది. "ఎనిమిదే మే! పన్నెండు ఉండల్ల" అని పక్కామె చెవిలో ఊదుతుంది.

ఆమె కుట్టు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుంటుంది, ఒప్పుకోవాల్సిందే. నేర్చుకునేదానికి వచ్చిన పిల్లకు మొదట దారం ఇవ్వదు. రూళ్ళ నోటుబుక్కు కాగితం ఇచ్చి, ఉత్త సూదితో గీతల మీద తొక్కమంటుంది. "సూదిని చూడొద్దు మే, పాదం అంచు చూడు. గుడ్డ అంచు దాని పక్కనే పోతాంటే సూది యాడికి పోతుంది? గుడ్డను లాగొద్దు. కింద పళ్ళుండేది ఏమిటికి? అవే ఈడ్చుకుంటాయి. నువ్వు లాగితే సూది వంగుతుంది, కుట్టు వంకర పోతుంది." బాబిన్ దారం పైకి తేలితే పై దారం బిగువు తగ్గించమంటుంది. అన్నీ నిజాలే.

చిక్కంతా జాకెట్టు దగ్గర. ఫ్యాక్టరీలో ఒక్కో చొక్కా ఎంతోమంది చేతులు మారుతుంది. కాలరు ఒకరిది, చెయ్యి ఒకరిది, కాజా ఒకరిది. మన అక్కది జేబు. నిమిషానికి 5,000 కుట్ల దాకా వేసే కరెంటు మిషన్ మీద ఎవరెవరివో జేబులు కుట్టింది. తన జీతం మాత్రం ఏ జేబులోనూ నిలవలేదు. ఊర్లో జనమేమో ఆది జాకెట్టు తెచ్చి చేతిలో పెడతారు. మెడ గుండ్రం, చంక గుండ్రం, పైగా డాట్లు. దేవుడు ఆడవాళ్ళ ఒంటిని జేబుల సెక్షన్‌లో తయారుచేయలేదు మరి!

ఆమె కుట్టిన జాకెట్టు మడిచి బల్ల మీద పెడితే కండ్లకు పండగే. తొడుక్కుంటేనే చెయ్యి పైకి లేవదు.

"చెయ్యి లేయదే అక్కా!"

"కుట్టు చూడు మే, ఒక్కటన్నా పక్కకు పోయిందా?"

పోలేదు. అదే బాధ.

అందుకని తనకల్లులో ఉంటే దిండు గలీబులు, కర్టెన్లు, చీర ఫాల్, బడిసంచీ కండ్లు మూసుకొని ఆమెకే ఇవ్వండి. చిరిగిన జేబుకైతే కూలి కూడా అడగదు. జాకెట్టు గుడ్డ మాత్రం పెండ్లికి నెల ముందే ఇవ్వండి. విప్పి ఇంకొకరితో కుట్టించేదానికి టైము కావల్ల.