కష్టపడకుండా కొత్త వేరుమూలం

అనంతపురం చీనీకైనా, నల్గొండ బత్తాయికైనా ఇంకెన్నాళ్లు జంబేరి, రంగపూర్ నిమ్మ? మీ పేరు మీదా ఒక సంకర వేరుమూలం ఉండాలి. ఇలా కానివ్వండి.

1. తల్లిగా రంగపూర్ నిమ్మ, తండ్రిగా మూడాకుల నారింజ అని రాసుకోండి. ఎందుకని అడిగితే, తండ్రి బంక తెగులును బాగా తట్టుకుంటుందని చెప్పండి. అది నిజమే. ఒక్క నిజం చాలు.

2. మొగ్గ విచ్చకముందే కేసరాలు గిల్లేసి, పుప్పొడి అద్ది, సంచి కట్టాలంటారు. ముళ్లు గుచ్చుకుంటాయి. సంచి కట్టి ఫొటో దిగి విప్పేయండి. మిగతా పని తేనెటీగలు చూసుకుంటాయి.

3. అసలు కిటుకు ఇక్కడుంది. ఈ జాతుల్లో ఒకే గింజ నుంచి రెండు మూడు మొలకలొస్తాయి. వాటిలో చాలామటుకు తండ్రితో పనిలేకుండా పుట్టిన తల్లి నకళ్లే. నిజమైన సంకరం వాటి మధ్య తరచు బక్కగా ఉంటుంది. మూడాకుల గుణం పిల్లల్లో పైకి తేలుతుంది కాబట్టి, తెలిసినవాళ్లు మూడాకులవి ఉంచి ఒంటాకువి పీకేస్తారు. మీరు మూడాకులవే పీకేయండి. మిగిలినవన్నీ ఏపుగా, ఒకే తీరుగా ఉంటాయి, కొనేవాళ్లకు ముచ్చటేస్తుంది. తండ్రి పోలిక ఏదని ఎవరైనా అడిగితే, వేళ్లలో ఉందనండి. తవ్వి చూసేదెవరు?

4. పరీక్షలా? స్వింగిల్ సిట్రుమెలో అనే వేరుమూలపు సంకరం ఫ్లోరిడాలో 1907లో చేశారు, విడుదల చేసింది 1974లో. అంత ఆగినా సున్నపు నేలల్లో దానిమీది చెట్లు పాలిపోతాయి. మరి ఆగి బావుకున్నదేమిటి? మీరు ఉగాదికి విత్తి దీపావళికి అమ్మండి.

5. అంటు కన్నులు దారిలో కనిపించిన చెట్టు నుంచి కోసుకోండి. ఎక్సోకార్టిస్ తెగులు కత్తి వెంట పాకుతుందని ప్రతి చెట్టుకూ బ్లీచింగ్ నీళ్లలో ముంచేవాళ్లున్నారు. మీ కత్తి తుప్పు పడుతుంది, వద్దు. రేపు వేరుమూలం బెరడు పొలుసులుగా లేస్తే కొత్త రకం లక్షణమనండి.

6. సాకులు ముందే సిద్ధం చేసుకోండి. చెట్టు కుళ్లితే నీళ్లెక్కువ, ఎండితే నీళ్లు తక్కువ. మొక్క అమ్మేటప్పుడే అంటు అతుకును మట్టిలో పూడ్చమని నోటిమాటగా చెప్పండి, రాసివ్వకండి. బంక కారుతోందని రైతు వచ్చినప్పుడు, "అతుకు పూడ్చమని ఎవరు చెప్పారయ్యా నీకు?" అని ముందుగా మీరే కోప్పడండి.