కిరాణా కొట్టుకో రాజ్యాంగం

ఇక మీదట రాజ్యాంగం లేని కిరాణా కొట్టులో కందిపప్పు కొనకండి. ఆ కొట్టుకి భవిష్యత్తు లేదట. స్టార్ హోటలు హాల్లో కోటు వేసుకున్నాయన తెర మీద బాణాలు గీసి మరీ నిరూపిస్తున్నాడు. బెజవాడ వన్‌టౌన్ నుంచి హైదరాబాదు బేగంబజారు దాకా చిన్న వ్యాపారస్తుల ఫోన్లన్నిటికీ ఇప్పుడు ఆ సదస్సుకే ఆహ్వానం: ‘మీ తర్వాత ఎవరు? మీ లెగసీ ఏమిటి?’ కింద రిజిస్ట్రేషన్ ఫీజు, దాని మీద జీఎస్టీ అదనం. ముందుగా కట్టినవాళ్ళకి తగ్గింపు. చావు గురించి వినడానికి కూడా తొందరపడితే లాభమే అన్నమాట.

మంచిదే కదా అనుకున్నాను మొదట. మన వ్యాపారస్తుడి దగ్గర వీలునామా మాట ఎత్తితే ‘బోణీ బేరం వేళ అవేం మాటలండీ’ అని కసురుకుంటాడు. ఎవరో ఒకరు పూనుకుని ఆయన చేత ఆ మాట అనిపిస్తే పుణ్యమే. తీరా వీళ్ళు అనిపిస్తున్నదేమిటో విన్నాక ఒళ్ళు మండింది.

జ్యోతి ప్రజ్వలన కాగానే ధీరూభాయ్ అంబానీ వస్తారు. 2002లో వీలునామా రాయకుండా పోయారు, అన్నదమ్ములు తగువుపడ్డారు, 2005లో తల్లి పంపకం చేశారు. ‘ప్లానింగ్ లేకపోతే ఏమవుతుందో చూశారా!’ చూశామండీ. చెరో సామ్రాజ్యం వచ్చింది. ఎదురుగా కూర్చున్నాయనకి ఉన్నది అద్దె కొట్టు, నోటిమాట మీద ఇచ్చిన అడ్వాన్సు, ఇంకా నాలుగు నెలలు కట్టాల్సిన చిట్టీ. ఆయన వణకవలసింది అంబానీల తగువు చూసి కాదు, వచ్చే ఉగాదికి అద్దె ఎంత పెంచుతాడోనని కొట్టు ఓనర్ని చూసి.

అంబానీ తర్వాత అసలు సరుకు: కుటుంబ రాజ్యాంగం. ఇదేదో నేను కల్పించానని అనుకోకండి. పెద్ద పారిశ్రామిక కుటుంబాలకి నిజంగానే ఇలాంటివి ఉన్నాయి. జీఎంఆర్ వారి కుటుంబానికి ఉంది. వారికి విమానాశ్రయాలు కూడా ఉన్నాయి. ఎవరు ఏ కంపెనీ చూడాలి, ఎవరి వాటా ఎవరికి అమ్మచ్చు, తగువొస్తే ఎవరు తీర్చాలి అని వాళ్ళు రాసుకోవడంలో అర్థముంది. అదే పత్రంలో విమానాశ్రయం అన్నచోట ‘శ్రీ వెంకటేశ్వర జనరల్ స్టోర్స్’ అని మార్చి మనవాడి చేతిలో పెట్టడమే ఇప్పటి కన్సల్టెన్సీ.

దేశానికి రాజ్యాంగం రాయడానికి అంతంత మేధావులు కూర్చుంటే 2 సంవత్సరాల 11 నెలల 18 రోజులు పట్టింది. మన కొట్టు రాజ్యాంగం ఉదయం టిఫిన్లకి మొదలై మధ్యాహ్నం భోజనాలకి ఆమోదం పొందుతుంది. దానికో పీఠిక. ‘మేము, ఈ కుటుంబ సభ్యులము, మా విలువలను తరతరాలకూ అందించుటకు’ అని మొదలవుతుంది. విలువలంటే పక్క కొట్టు కన్నా కిలోకి రూపాయి తక్కువకి ఇవ్వడం. ఇన్నేళ్ళుగా పీఠిక లేకుండానే ఇస్తున్నాడు పాపం.

తర్వాత కుటుంబ మండలి. మూడు నెలలకోసారి సమావేశం కావాలట. ఎక్కడ? కొట్టు వెనక బియ్యం బస్తాల మధ్య ఇద్దరు నిలబడితే మూడోవాడు పక్కకి తిరగాలి. అజెండా ముందే పంపాలట, మినిట్స్ రాయాలట. ఏడాదికోసారి కుటుంబమంతా ఊరు దాటి రిసార్టుకెళ్ళి దూరదృష్టి పెంచుకోవాలట. సంక్రాంతికి కూడా మధ్యాహ్నం దాకా షట్టర్ తెరిచి ఉంచే మనిషితో చెబుతున్నారు ఈ మాట. ఆయనకి దూరదృష్టి లేకపోలేదు. వీధి చివర కొత్తగా తెరిచిన సూపర్‌మార్కెట్టూ, పది నిమిషాల్లో సరుకు తెచ్చే బైకు కుర్రాడూ ఆ దృష్టికి చాలా స్పష్టంగానే కనపడుతున్నారు.

డివిడెండ్ విధానం అని ఇంకో అధ్యాయం. లాభం ఎంత శాతం పంచాలి, ఎంత వ్యాపారంలో ఉంచాలి? మన కొట్లలో ఈ విధానం ఎప్పటి నుంచో అమల్లో ఉంది: గల్లాలోంచి కూరగాయలకి తీసిన డబ్బు డివిడెండు, పిల్లాడి ఫీజుకి తీసింది మధ్యంతర డివిడెండు, పెద్దమ్మాయి పెళ్ళికి తీసింది మూలధనమే. మిగిలింది హోల్‌సేలు వాడికి.

నాకు బాగా నచ్చిన అధికరణం వారసుడి అర్హతలది. కుటుంబ వ్యాపారంలోకి వచ్చే ముందు అబ్బాయి కనీసం మూడేళ్ళు బయటి సంస్థలో అనుభవం సంపాదించాలి. పదో తరగతి నుంచి స్కూలు వదలగానే వచ్చి పొట్లాలు కట్టిన పిల్లాడు అర్హుడు కాడన్నమాట. బయటికెళ్ళి అనుభవం సంపాదించిన వాడు డాలస్‌లో ఉన్నాడు. హెచ్-1బీ మీద ఉన్నాడు, ఇల్లు కొన్నాడు, వాడి కూతురికి శనగపప్పుకీ కందిపప్పుకీ తేడా తెలీదు. వాడు తిరిగొచ్చి ఈ కొట్టులో కూర్చుంటాడని తండ్రికి నమ్మకం లేదు, తల్లికి లేదు, వాడికి అసలే లేదు. ఒక్క కోటాయనకే ఉంది. తెర మీద వాడి పేరు పెట్టెలో రాసి, పెట్టెకి పచ్చరంగు కూడా వేశాడు.

ఆ పచ్చరంగు పెట్టె పక్కనే ఉంది నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టిన అధికరణం. వియ్యాలవారూ, కోడళ్ళూ, అల్లుళ్ళూ వ్యాపారంలో వేలు పెట్టరాదు. కోట్ల ఆస్తులున్న ఇళ్ళలో ఈ షరతు మామూలేనట. మనకీ యథాతథంగా దించేశారు.

కోడళ్ళా? ఆ కొట్టు గల్లా ముందు పొద్దున్న ఏడింటి నుంచి కూర్చునే మనిషి ఎవరయ్యా మరి? ఆ ఇంటి కోడలే కదా! ఆయన మార్కెట్టుకెళ్ళినప్పుడు, గుమాస్తా ఎగ్గొట్టినప్పుడు, జ్వరమొచ్చి ఆయన పడుకున్నప్పుడు కొట్టు తెరిచింది ఎవరు? ఎవరింట్లో జీతాలు ఒకటో తారీఖున వస్తాయో, ఎవరికి అరువివ్వచ్చో, ఎవరికి నవ్వుతూనే లేదనాలో తెలిసింది ఎవరికి? ఆవిడ పేరు తెర మీద ఏ పెట్టెలోనూ లేదు. ఆహ్వానంలో మాత్రం ఉంది: ‘శ్రీమతులకు ప్రవేశం ఉచితం’. వారసత్వం గురించి భర్తలు లోపల చర్చిస్తుంటే, భార్యలకి పక్క హాల్లో ముగ్గుల పోటీ.

ఇంక నాకు వ్యంగ్యం రావడం లేదు. మామూలుగానే చెబుతాను.

కొట్టాయన పోతాడు. నా నోట మంచి మాట రానందుకు మన్నించాలి, కానీ ఈ సదస్సు పేరే అది. మన చిన్న కొట్లలో ఎక్కువ భాగం ఒకే మనిషి పేరున నడుస్తాయి. చట్టం దృష్టిలో ఆ కొట్టూ ఆ మనిషీ వేరు కాదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఆయన పాన్ మీద, పాన్ ఆయనతో సరి. వారసులు కొట్టు నడపాలంటే 30 రోజుల్లో కొత్త రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి. పాత ఖాతాలో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్ కొత్తదానికి మారాలంటే ఐటీసీ-02 అనే ఫారం నింపాలి. ఓటీపీ ఆయన ఫోనుకి వెళుతుంది. ఆ ఫోను తెరవడానికి అంకెలు ఆయనకే తెలుసు. ఆహార లైసెన్సు మీద వారసులు 90 రోజులు నడుపుకోవచ్చు, ఆ లోపు పేరు మార్పించుకోవాలి. బ్యాంకుకి కబురు తెలిసిన రోజు కరెంటు ఖాతా ఆగిపోతుంది. గల్లా మీద అంటించిన క్యూఆర్ స్టిక్కరుకి ఆ రోజుతో పని తీరిపోతుంది. కొట్టులో సరుకు కుళ్ళుతుంటే ఆవిడ తాసీల్దారు ఆఫీసులో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం బల్ల మీద కూర్చుని ఉంటుంది.

పదకొండో రోజు భోజనాల దగ్గర అప్పిచ్చినవాళ్ళందరూ కనిపిస్తారు. అరువు పట్టుకెళ్ళినవాళ్ళు ఒక్కరూ కనిపించరు. ఎందుకంటే ఆ లెక్క ఆయన తలలో ఉంది. ప్రోనోట్లున్నా మూడేళ్ళు దాటితే కోర్టుకి పనికిరావు. ఏ నోటు ఏ తారీఖుదో, ఏ బీరువాలో ఉందో ఎవరికీ చెప్పలేదు.

ఇంత జరిగినా ఆవిణ్ణి మర్చిపోనివాళ్ళు ఉన్నారు. బ్యాంకువాళ్ళు. క్యాష్ క్రెడిట్ ఇచ్చినప్పుడు ఆవిడ చేత హామీ సంతకం చేయించుకున్నారు. దశాబ్దాలు గల్లా ముందు కూర్చున్న మనిషికి వ్యాపారంలో ఏ హోదా లేదు, అప్పులో మాత్రం పూర్తి హోదా ఉంది. సరుకు నిండుకున్నప్పుడు కుదువకి వెళ్ళింది ఆవిడ మెడలో గొలుసే. ఆవిడ భాగస్వామి అని భర్తకి తట్టలేదు, ఆడిటరు గారు చెప్పలేదు, రాజ్యాంగ నిర్మాతకైతే ఆవిడ నిషేధిత జాబితాలో ఉంది. సిగ్గుండాలి!

ఈ మంటలో కొత్త ఆజ్యం నామినీల కబురు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురి దాకా నామినీలని పెట్టుకోవచ్చన్నారు కదా, ‘ఇక వీలునామాతో పనిలేదు’ అని ఏజెంట్లు వాట్సాప్‌లో ఊదరగొడుతున్నారు. అబద్ధం. బ్యాంకు దగ్గర నామినీ డబ్బు చేతికి తీసుకునే మనిషే తప్ప సొంతదారు కాడు. షేర్ల విషయంలోనూ అంతేనని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో చెప్పింది. వారసులెవరో వీలునామా చెప్పాలి, లేదా వారసత్వ చట్టం చెప్పాలి. ఒక నామినీతో తగువు పడేవాళ్ళు ఇప్పుడు నలుగురితో పడతారు.

వీలునామా రాయని హిందువు సొంతార్జితం భార్యకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ, బతికుంటే తల్లికీ సమానంగా వెళుతుందని 1956 నుంచి చట్టంలో ఉంది. ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని ఆడపిల్లకి కొడుకుతో సమానంగా పుట్టుక హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి ఉంది. 2005లో దేశమంతటా కూతుళ్ళందరికీ వచ్చింది. తెర మీద కూతురి పెట్టెకి మాత్రం ఇంకా చుక్కల గీతే. ఆ అమ్మాయిని పిలిచేది హక్కు విడుదల పత్రం మీద సంతకానికి. చీరా సారె సిద్ధంగా ఉంటాయి.

మిగతా వంటకాలూ రుచి చూడండి. కొట్టు యజమానికి కీమ్యాన్ ఇన్సూరెన్సు: ఆయన పోతే డబ్బు వ్యాపారానికి వస్తుందట, ఆ వ్యాపారం ఆయనతోనే పోతుందని గుర్తు లేదు. సర్కారు వారి వడ్డన 2019 నుంచి ఉంది: ఏడాదికి కోటిన్నర లోపు టర్నోవరున్న వ్యాపారులకి అరవయ్యేళ్ళు నిండాక నెలకి 3,000 రూపాయల పింఛను, అదీ నలభై దాటకముందే చేరినవాళ్ళకి. చిన్న సంస్థల బిల్లులు 45 రోజుల్లో కట్టాలని 2006 నాటి చట్టం ఉంది, కానీ కొని అమ్మే కొట్టుకి ఆ రక్షణ వర్తించదు. ఇన్ని తెలిసీ మనవాడికి ‘ప్లానింగ్ తెలీదు’ అంటున్నారు. దాచడానికి చేతిలో మిగలనివాడికి దాచడం నేర్పే విద్య ఇది.

పనికొచ్చేవి లేవా? ఉన్నాయి. తెల్లకాగితం మీద వీలునామా, ఇద్దరు సాక్షుల సంతకాలు. స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. భార్యనీ, ఎదిగిన కొడుకునో కూతుర్నో కలుపుకుని భాగస్వామ్య పత్రం, అందులో ‘ఒకరు పోయినా సంస్థ రద్దు కాదు’ అని ఒక్క వాక్యం. ఇద్దరే ఉంటే ఒకరు పోగానే భాగస్వామ్యమే ఉండదు కనుక మూడో పేరు కావాలి. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేర జీవిత బీమా. అప్పులవాళ్ళని మోసగించడానికి తీసుకున్నది కానంతవరకు, ఆ డబ్బు బ్యాంకుకీ అందదు, వడ్డీ వ్యాపారికీ అందదు. పాలసీ తీసుకునేటప్పుడే ఇంకో కాగితం నింపితే చాలు. దశాబ్దాలుగా ఉన్న ఈ రక్షణ గురించి ఏ కోటాయనా మైకులో ఎందుకు చెప్పడు? ఆ కాగితానికి కమీషను లేదు. తెల్లకాగితానికీ లేదు. రాజ్యాంగానికి ఉంది, ట్రస్టుకి ఉంది, ఏటేటా ‘సమీక్ష’కి ఉంది.

కాబట్టి వ్యాపారస్తులారా, ఫీజు మిగుల్చుకోండి. ఇవాళ షట్టర్ దించాక ఒక నోటుపుస్తకం తీయండి. మీకు ఎవరెంత ఇవ్వాలి, మీరు ఎవరికెంత ఇవ్వాలి, చిట్టీలు ఎన్ని, ప్రోనోట్లు ఎక్కడ, కొట్టు అడ్వాన్సు ఎంత, ఫోను తెరిచే అంకెలేవి, అన్నీ మీ ఆవిడ చేత రాయించండి. మీరు చెప్పేలోపు సగం ఆవిడే రాసేస్తుంది. తక్కిన సగం ఆవిడకి ఎందుకు తెలీదంటే మీరు చెప్పలేదు గనక. రేపు ఆడిటరు గారి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆవిణ్ణి వెంట తీసుకెళ్ళండి. బయట బెంచీ మీద కాదు, లోపల కుర్చీలో కూర్చోబెట్టండి. ఆయన మీ వైపే చూసి మాట్లాడితే, ‘లెక్కలు ఆవిడకి చెప్పండి సార్’ అనండి. ఆ ఒక్క మాట మీ నోట రాకపోతే మీకు ఏ ప్లానింగూ అక్కర్లేదు. మీ తదనంతరం మీ ఆవిడ అప్పులవాళ్ళతో ఎలా వేగుతుందో మీరు ఇప్పుడే నిర్ణయించేశారు.