తాడు గట్టిదైతే చాలు

మన అనంతపురంలో వానకు కరువు గానీ పైకి లేచే గాలికి కరువు లేదు. ఎండాకాలం పది దాటితే ఎర్రనేల కాగి వేడిగాలి లేస్తుంది, గద్దలు రెక్క ఆడించకుండానే దాని మీద తిరుగుతుంటాయి. ఇంజిను లేని గ్లైడర్‌కు కావలసిందీ అదే. ఉరవకొండ వైపు పదిమంది కలిసి గ్లైడర్ క్లబ్బు పెట్టే ఉద్దేశం ఉంటే ఈ సలహాలు ఉచితం. స్థలం గాలిమరల మధ్యే చూసుకోండి. గాలి ఎటు వీస్తోందో అవే చెబుతాయి, గుడ్డసంచి కట్టిన స్తంభం పాతే ఖర్చు మిగులుతుంది.

ముందు మీటింగు. గ్లైడర్ లేకపోయినా నడుస్తుంది గానీ ఉగ్గాణి, బజ్జీ లేకుంటే కోరం రాదు. అధ్యక్షుల వారికి శాలువా, ఫ్లెక్సీలో ఎవరి ఫోటో ఎంత సైజు, ఇవి తేలాక చివర్లో తాడు సంగతి ఎత్తండి. అప్పటికి బజ్జీలూ ఉండవు, సభ్యులూ ఉండరు.

విమానం వెనక గ్లైడర్‌ను లాక్కెళ్లే తాడు సుమారు 60 మీటర్లుంటుంది. దానికి డబ్బెందుకు తగలెయ్యడం? ఎండిన బోర్లలోంచి మోటారు తీసినప్పుడు మిగిలిన నైలాన్ తాళ్లు ప్రతి దొడ్లోనూ పడి ఉన్నాయి. పొడవు చాలకపోతే రెండు ముక్కలు ముడేయండి. ముడి పడితే తాడు బలం సగం దాకా పడిపోతుందని పుస్తకాల్లో రాశారు. రాసినవాళ్లు మా మామ వేసే ముడి చూడలేదు. ఎండకు నైలాన్ పెళుసుబారుతుంది, చుట్టి నీడన పెట్టమనీ అంటారు. పుట్టినప్పటి నుంచి మనం ఎండలోనే ఉన్నాం, మనకేమైంది? తనిఖీ అంటారా, ఆయుధపూజ నాడు పసుపూ కుంకుమా పెట్టేటప్పుడు ఎలాగూ చూస్తాం.

అసలు తలనొప్పి వీక్ లింక్ అనే చిన్న లోహపు పలకతో. తాడు చివర తగిలిస్తారు. లాగుడు హద్దు మీరితే గ్లైడర్‌కు గానీ విమానానికి గానీ దెబ్బ తగలకముందే అది తెగిపోవాలట. తెగడానికే డబ్బిచ్చి కొనాలన్నమాట! బోరు స్టార్టరులో ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే మనమేం చేస్తాం? లావుపాటి తీగ చుడతాం. ఆనక మోటారు కాలిపోతుందేమో గానీ ఫ్యూజు మాత్రం పోదు. ఇక్కడా ట్రాక్టరు చైను వేసేయండి. లేదు, లింకే ఉండాలని ఎవరైనా పట్టుబడితే, జర్మనీ టోస్ట్ కంపెనీ వాటికి బలాన్ని బట్టి రంగులుంటాయి. ఆకుపచ్చది సుమారు 300 కిలోల లాగుడుకు తెగుతుంది, నల్లది 1000 దాకా ఓరుస్తుంది. ఏ గ్లైడర్‌కు ఏ రంగో దాని మాన్యువల్‌లో ఉంటుంది. చదవొద్దు, నల్లదే తీసుకోండి. గట్టిది, పైగా దిష్టి తగలదు.

లోపల కూర్చున్నాక పసుపుపచ్చ పిడి కనిపిస్తుంది. తాడు వదలడానికట. టోపీ తగిలించుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. ముందున్న విమానం రెక్కలు అటూ ఇటూ ఊపితే వెంటనే తాడు వదిలేయమని అర్థం చెబుతారు. పైలట్ అన్న అంత ప్రేమగా పలకరిస్తుంటే వదిలేసి పోతామా? మర్యాదకు మనమూ ఊపాలి.

తాడు తెగితే ముందు ముక్కు కిందికి దించి వేగం కాపాడుకోమంటారు. ఎత్తు 200 అడుగులు కూడా లేకుంటే వెనక్కి తిరగొద్దు, ఎదురుగా ఉన్న చోటే దిగమంటారు. ఎదురుగా ఉండేది శెనక్కాయ చేను. రైతుకు ఎవరు సమాధానం చెప్పాలి? షామియానా, బంధువులు, వీడియో తీసే అబ్బాయి, అందరూ వెనకే ఉన్నారు. ముక్కు పైకెత్తి గిర్రున తిరగండి.

బతికి బయటపడితే ఆ సంగతి మినిట్స్‌లో ఎక్కించకండి. ఒకరు చెబితే ఇంకొకరు తమదీ చెబుతారు, వచ్చే నెలకల్లా అందరూ తాడు తడిమి చూడటం మొదలెడతారు, శాలువాకు టైము ఉండదు. ‘గాలి అనుకూలించలేదు’ అని రాసి అందరిచేతా సంతకాలు పెట్టించండి.