అయిదక్షరాల ఆంగ్లపద సాధనకు సులభ మార్గదర్శిని

ఇన్ని అక్షరాలే ఉండి, వాటిలో ఫలానా అక్షరం ఫలానా చోట ఉండే ఇంగ్లీషు మాటను వెతికి పట్టుకోవడం చదువుకున్నవారి నిత్యకృత్యాల్లో ఒకటిగా స్థిరపడింది. ఇందుకు ప్రధాన కారణం వర్డిల్ అనే ఆట. న్యూయార్క్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు జాష్ వార్డిల్, పదక్రీడలంటే ఇష్టపడే తన సహచరి పలక్ షా కోసం తయారుచేసిన ఈ ఆటను 2021 నవంబరు 1న 90 మంది ఆడగా, 2022 జనవరి 2 నాటికి ఆడేవారి సంఖ్య 3 లక్షలు దాటింది. ఆ నెలాఖరుకే న్యూయార్క్ టైమ్స్ పత్రిక దాన్ని కొనుక్కుంది. ఆటలో ప్రతి రోజూ ఒక అయిదక్షరాల మాటను ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టాలి. పెట్టిన మాటలో సరైన చోట పడిన అక్షరం ఆకుపచ్చగా, మాటలో ఉన్నా చోటు తప్పినది పసుపుగా, అసలు లేనిది బూడిదరంగుగా మారుతుంది. ఇంతమాత్రపు ఆటను ఎవరైనా ఆడగలరు గాని, ఆడుతున్నట్టు కనిపిస్తూ ఆడకుండానే గెలవడం వేరే విద్య. ఎందరో సాధన చేస్తున్నా ఆ విద్యకు ఇంతవరకు శాస్త్రం లేదు గనక ఈ కింది సూత్రాలు అవసరమయ్యాయి.

మొదటి సూత్రం: చెవిని నమ్మరాదు. ఇక్కడ అక్షరమంటే ఇంగ్లీషు వర్ణమాలలోని ఒక్కొక్క గుర్తు మాత్రమే గనక, తెలుగులో రెండక్షరాలతో తేలిపోయే 'నైట్' అనే మాటలో నోరు పలకని జి, హెచ్‌లకు కూడా చెరొక గడి కేటాయించాలి.

రెండో సూత్రం: 'అడ్యూ' అనే మాటతో మొదలుపెట్టాలి. ఎ, డి, ఐ, ఇ, యు అనే అయిదు అక్షరాల్లో నాలుగు అచ్చులు ఉండటం వల్ల దీనికి గొప్ప ప్రచారం లభించింది. మాటల మధ్య తేడా తేల్చేవి ఎక్కువగా హల్లులేనన్న సంగతిని పక్కన పెట్టవచ్చు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ఈ మాటకు అర్థం 'ఇక సెలవు' అని. ఆట ఆరంభంలోనే ఆలోచనకు వీడ్కోలు చెప్పడానికి ఇంతకన్నా తగిన మాట దొరకదు.

మూడో సూత్రం: అర్థం జోలికి పోరాదు. న్యూజీలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే, అక్షరాల బిళ్ళలతో మాటలు పేర్చే స్క్రాబుల్ ఆటకు సంబంధించిన ఫ్రెంచి నిఘంటువును కొద్ది వారాల్లో కంఠస్థం చేసి, 2015లో ఫ్రెంచి భాషా స్క్రాబుల్ ప్రపంచ పోటీలో గెలిచారు. తెలుగునాట ఈ మార్గం అంతకుముందే సుపరిచితం. విదేశీ చదువుకు జీఆర్ఈ పరీక్ష రాసే విద్యార్థులు బారన్స్ పుస్తకంలోని 3,500 మాటల జాబితాను అకారాది క్రమంలో వల్లె వేసేవారు. 2011లో ఆ పరీక్ష నుంచి వ్యతిరేకపదాల ప్రశ్నలను తీసేశారు గాని, 'ఎ'తో మొదలయ్యే మాటలు బాగా వచ్చి, 'డి' దాటినవి అంతగా రాని ఒక తరం మాత్రం అలాగే మిగిలిపోయింది.

నాలుగో సూత్రం: ఏమీ తోచనప్పుడు నాలుగక్షరాల మాటకు చివర ఎస్ తగిలించి బహువచనం చేయాలి. స్క్రాబుల్‌ను రూపొందించిన ఆల్ఫ్రెడ్ బట్స్ ఈ తెలివిని ముందే ఊహించి నూరు బిళ్ళల్లో ఎస్‌లను నాలుగుకే పరిమితం చేశారు. వర్డిల్ జవాబుల్లోనూ అలాంటి బహువచనాలు సాధారణంగా కనిపించవు.

అయిదో సూత్రం: జవాబు కాదని తెలిసిన మాటను ఎన్నడూ పెట్టరాదు. దీనికి కొంత వ్యాఖ్యానం అవసరం. మూడు ప్రయత్నాలు ముగిసేసరికి చివరి నాలుగు గళ్ళలో ఐ, జి, హెచ్, టి ఆకుపచ్చగా నిలిచాయని అనుకుంటే, విజయం గుమ్మంలోకి వచ్చినట్టే తోస్తుంది. కాని గుమ్మం బయట ఎయిట్, ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్ అని బాగా వాడుకలో ఉన్న మాటలే ఎనిమిది నిలబడి ఉంటాయి, మిగిలినవి మూడే ప్రయత్నాలు. ఒక్కొక్కదాన్నే లోపలికి పిలుస్తూ పోతే మూడింటితో సరి. అలా కాక, జవాబు కానేరదని తెలిసీ 'ఫిల్మ్స్' అనే మాటను పెడితే, ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్‌ల సంగతి ఒక్క వేటుకే తేలుతుంది: వాటిలో ఏదైనా రంగు పుంజుకుంటే జవాబు దొరికినట్టే, నాలుగూ బూడిదైతే ఎనిమిది మాటలు నాలుగవుతాయి. క్లాడ్ షానన్ 1948లో ప్రతిపాదించిన సమాచార సిద్ధాంతం దీన్నే లెక్కకట్టి చూపుతుంది: సమానావకాశం ఉన్న రెండింటిలో ఏదో తేల్చే జవాబుకు ఒక బిట్ విలువ. గడికి మూడు రంగుల చొప్పున అయిదు గళ్ళకు ఏర్పడే 243 వరసల్లో ఏదో ఒకటి బదులుగా వచ్చే ఈ ఆటలో, మంచి మాట అంటే ఎక్కువ బిట్లు రాబట్టే ప్రశ్న. అయినా సాధకులు 'ఫిల్మ్స్' పెట్టరు. లైట్, మైట్, నైట్ అని వరసగా పెట్టి ఓడిపోతారు. తరగతిలో చెయ్యెత్తడం జవాబు చెప్పడానికేనని, అడిగినవారు తెలియనివారుగా లెక్కకు వస్తారని చిన్ననాటి నుంచీ అలవాటైనవారికి, తప్పుగా కనిపించే మాటను తెలిసి తెలిసి అందరికీ కనబడేలా పెట్టడం నామోషీగానే ఉంటుంది. ఇది ఆటతో వచ్చిన జబ్బు కాదు, ఆటలో బయటపడింది.

ఆరో సూత్రం: జాబితాను ఆశ్రయించాలి, ఆశ్రయించినట్టు ఒప్పుకోరాదు. 'ఎస్‌తో మొదలై, నడుమ ఎ ఉండి, ఇతో ముగిసే అయిదక్షరాల మాటలు' అని ఫోనును అడిగితే అది తడుముకోకుండా వరసపెడుతుంది. వార్డిల్ మొదట పోగుచేసిన అయిదక్షరాల మాటలు సుమారు 12,000 కాగా, పలక్ షా వాటిని చూసి, తెలిసినవేవో తెలియనివేవో వేరుచేయగా సుమారు 2,500 మిగిలాయి. మనుషులకు తెలిసిన మాటలే జవాబులు కావాలని ఒకరు అంత ఓపికగా ఏరిపెట్టిన ఆటకు మళ్ళీ జాబితా వెతకడం, వడ్డించిన విస్తరి ముందు కూర్చుని వంటల పట్టిక అడగడం వంటిది. తెలుగువారికి ఇందులో అదనపు ఘనత కూడా ఉంది. అవధానంలో న్యస్తాక్షరి అంటే పద్యంలో ఫలానా స్థానంలో ఫలానా అక్షరం రావాలని పృచ్ఛకుడు నిర్దేశించడం. నిషిద్ధాక్షరి అంటే పద్యం నడుస్తుండగా అడుగడుగునా ఒక అక్షరాన్ని కూడదనడం. మొదటిది ఆకుపచ్చ గడి, రెండోది బూడిద గడి. తిరుపతి వేంకట కవుల వంటివారు కాగితం ముట్టకుండా, ఛందస్సూ అర్థమూ చెడకుండా నిండు సభలో నెగ్గుకొచ్చిన ఈ విద్యకు వారసులైనవారు, అయిదు గళ్ళ కోసం ఫోనునే అవధానిగా కూర్చోబెట్టి, శాలువా మాత్రం తామే కప్పుకోవడం పురోగతే అనిపించుకుంటుంది. ఈ మార్గదర్శినిని కూర్చినవారు కూడా జాబితా తెరిచినవారేనని ఇక్కడ చెప్పకపోతే శాస్త్రానికి లోపం. జాబితాలో జవాబు కనబడగానే సాధకులకు కలిగేది గెలిచిన సంతోషం కాదు, 'ఇది తెలిసిన మాటే కదా' అని మనసు చిన్నబుచ్చుకోవడం.

ఏడో సూత్రం: ఓడితే అమెరికా వర్ణక్రమాన్ని నిందించాలి. 2022 ఫిబ్రవరి 9న జవాబుగా వచ్చిన 'హ్యూమర్' అక్కడ అయిదక్షరాల మాట, బ్రిటిషు పద్ధతిలో ఇంగ్లీషు నేర్చుకున్నవారికి ఆరక్షరాలది. ఈ సాకు తరచుగా అక్కరకు రాదు గనక పొదుపుగా వాడుకోవాలి.

ఎనిమిదో సూత్రం: కాలభేదాన్ని వినియోగించుకోవాలి. కొత్త మాట ఎవరి ఊరి అర్ధరాత్రికి వారికి అందుతుంది గనక, హైదరాబాదువారు న్యూజెర్సీ బంధువుల కంటే, అక్కడి రుతువును బట్టి, తొమ్మిదిన్నర లేక పదిన్నర గంటలు ముందుంటారు. ఆ వ్యవధిలో కుటుంబ వాట్సాప్ గ్రూపులో రంగుల గళ్ళు పెట్టి, 'ఈరోజుది మరీ సులువు' అని ఒక్క వాక్యం జోడిస్తే చాలు.

ఈ సూత్రాలన్నీ పాటించినా మాట దొరకని రోజు ఉంటుంది. ఆరు ప్రయత్నాలు అయిపోగానే ఆట తానే జవాబును బయటపెడుతుంది, అర్ధరాత్రి దాటగానే ఇంకొక మాటను సిద్ధం చేస్తుంది. జాబితా చూసి గెలిచినవారికీ, చూడకుండా ఓడినవారికీ ఆ రోజుకు దక్కే మాట ఒకటే. ఓడినవారు మాత్రం ఆరు ప్రశ్నలు అడిగి ఉంటారు.